దోమల భయంతో నాన్నను మంచానికి పరిమితం చేయాలా?

కోనసీమ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 43 ఏళ్లు, ప్రభుత్వ పాఠశాలలో టీచరు. తండ్రికి 71. కొబ్బరి తోట, కొంచెం వరి చేను చూసుకుంటూ ఎవరి మీదా ఆధారపడకుండా బతికిన మనిషి. ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు పొద్దున్నే నూతి దగ్గర పళ్లు తోముకుంటూ కూలబడిపోయారు. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడి స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిందని డాక్టర్లు చెప్పారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది, మింగడంలో తడబాటు మొదలైంది. ఇంటికి వచ్చాక ఫిజియోథెరపిస్టు వారానికి మూడు రోజులు వచ్చి చేయించడంతో జూన్ నాటికి నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని వసారాలో అటూ ఇటూ నడిచేవారు. కొన్ని మాటలు కూడా తిరిగి వచ్చాయి.

వానలు మొదలయ్యాక అంతా తలకిందులైంది. నాలుగిళ్ల అవతల ఒక పెద్దాయన డెంగీతో చనిపోయారు. ఆ రోజు నుంచి అమ్మగారు (66 ఏళ్లు, షుగరు ఉంది) ఈయనను దోమతెర దాటి బయటికి రానివ్వడం లేదు. వానలు తగ్గాక కబురు చేస్తామని ఫిజియోథెరపిస్టును పంపేశారు. మందుల షాపులో పనిచేసే బంధువు ఒకరు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు డెంగీ వస్తే రక్తస్రావం ఆగదని చెప్పారట. దాంతో అమ్మగారు క్లోపిడోగ్రెల్ మాత్రను రోజు విడిచి రోజు ఇస్తున్నారు. మాత్రల అట్ట లెక్క చూస్తే గానీ కూతురికి ఈ సంగతి తెలియలేదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు, ఆ దోమల మధ్య ఎందుకు, మా ఫ్లాటుకు తీసుకొచ్చేస్తానని పట్టుబడుతున్నాడు. ఆ మాట ఎత్తగానే తండ్రి ముఖం అటు తిప్పుకుంటున్నారు. మేనమామ పావురం రక్తంతో మర్దన చేయిద్దామంటున్నారు. మొన్న ఆదివారం చెయ్యి కదపమని ఎంత చెప్పినా వినకపోయేసరికి ఈమె గట్టిగా అరిచారు. ఆయన ఏడ్చేశారు.

"దోమల నుంచి కాపాడాలా, నడిపించాలా? మాత్ర ఆపవచ్చా? తమ్ముడి దగ్గరికి పంపాలా? నాలుగు నెలలు దాటిపోయాయి, ఇక తిరిగి వచ్చేది ఏమైనా ఉందా?" అని అడిగారు.

అమ్మా,

మిగతా సంగతులు తరువాత. ముందు మాత్ర విషయం. ఇది చదివిన వెంటనే మీ నాన్నగారికి వైద్యం చేసిన న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి, ఇన్ని వారాలుగా క్లోపిడోగ్రెల్ రోజు విడిచి రోజు ఇస్తున్నామని దాచకుండా చెప్పండి. ఆయన ఎలా మొదలుపెట్టమంటే అలా మొదలుపెట్టండి. తప్పిపోయిన మాత్రలకు బదులుగా రెండేసి ఇవ్వకండి. రక్తనాళంలో గడ్డ వల్ల ఒకసారి స్ట్రోక్ వచ్చిన మనిషికి మళ్లీ గడ్డ కట్టకుండా చూడటానికే ఆ మాత్ర. వానాకాలం వచ్చిందని ఆ అవసరం తగ్గదు.

మీ బంధువు మాటలో సగం నిజం ఉంది, అందుకే అమ్మగారు నమ్మారు. డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పడిపోతాయి. అదే సమయంలో ప్లేట్‌లెట్ల పని తగ్గించే మాత్ర కూడా ఒంట్లో ఉంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అయితే ఆ లెక్క చూడాల్సింది డెంగీ నిర్ధారణ అయ్యాక, రక్తపరీక్షలు చేతిలో పెట్టుకుని, డాక్టరు. రాని జబ్బుకు భయపడి, వచ్చిపోయిన జబ్బుకు దారి తెరిచి ఉంచడం సరికాదు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. తైవాన్‌లో డెంగీ వచ్చిన 13,787 మందిని, రానివాళ్లను పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. డెంగీ వచ్చిన మొదటి రెండు నెలల్లో స్ట్రోక్ ముప్పు దాదాపు రెండున్నర రెట్లు కనిపించింది. రెట్లు అనగానే బెదిరిపోకండి. మొత్తం కాలం మీద చూస్తే ఏడాదికి వెయ్యి మందిలో డెంగీ వచ్చినవాళ్లలో ఐదుగురికి పైగా, రానివాళ్లలో నలుగురి లోపు స్ట్రోక్ బారిన పడ్డారు. తేడా ఉంది, కానీ కొండంత కాదు. దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. దోమల గురించి అమ్మగారు పడే భయం ఉత్తిది కాదు. అలాగే డెంగీ వల్ల రక్తస్రావం ఒక్కటే కాదు, స్ట్రోక్ ముప్పు కూడా ఉంది కాబట్టి మాత్రను ఇంట్లో ఎవరికి వాళ్లు ఆపేయడం ఏ లెక్కన చూసినా తప్పే.

అమ్మగారిని ఈ విషయంలో నిలదీయకండి. కళ్లముందు ఒక మరణం చూసి, ఉన్న ఒక్క మనిషిని కాపాడుకోవాలని తనకు తెలిసిందేదో ఆవిడ చేశారు. "నువ్వు మందు మానేశావు" అని మొదలుపెడితే రేపటి నుంచి మీకు చెప్పకుండా చేస్తారు. డాక్టరుతో ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆవిడనే మాట్లాడనివ్వండి. మీరు పది సార్లు చెప్పే బదులు ఆయన ఒక్కసారి చెబితే ఆవిడ మనసులో బరువు దిగుతుంది.

ఇప్పుడు దోమతెర సంగతి. పగలు కూడా దోమతెర వాడటంలో తప్పు లేదు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం నిద్రకు తెర కట్టడం మంచి పనే. చిక్కంతా ఆయన రోజంతా అందులోనే ఉండిపోవడంతో వచ్చింది. 2007లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన చేశారు. ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ల వయసున్న పన్నెండు మందిని పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వాళ్ల కాళ్లలోంచే ఇంచుమించు కిలో కండ కరిగిపోయింది. వాళ్లు ఆరోగ్యవంతులు. మీ నాన్నగారికి ఒక పక్క ఇప్పటికే బలహీనంగా ఉంది. దానికి తోడు కదలని కాలిలో రక్తం గడ్డకట్టడం, వీపు మీద, పిరుదుల దగ్గర పుండ్లు, కీళ్లు బిగుసుకుపోవడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఇవన్నీ మంచం తెచ్చే జబ్బులు. డెంగీ ఈ ఏడాది వస్తుందో రాదో తెలియదు. మంచం వల్ల నష్టం మాత్రం ఇప్పటికే మొదలైంది. జూన్‌లో నడిచిన దూరం ఇప్పుడు నడవలేకపోతున్నారని మీరే రాశారు కదా.

కాబట్టి "కాపాడాలా, నడిపించాలా" అని రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టకండి. మార్చాల్సినవి వేళ, చోటు, బట్టలు, పెరడు.

ముందు పెరడు. కోనసీమలో దోమలంటే అందరి కళ్లూ పంట బోదె మీదికి, మురుగు కాలువ మీదికి పోతాయి. సాయంత్రం చెవి దగ్గర గుయ్యిమనేవి చాలావరకు అక్కడివే. మురుగులో పెరిగే క్యూలెక్స్ రకం దోమ బోదకాలు వ్యాధిని మోస్తుంది, వరిచేలల్లో పెరిగే క్యూలెక్స్ మెదడువాపును మోస్తుంది. అవి రాత్రి కుడతాయి. డెంగీ దోమ మాత్రం మీ ఇంటి చుట్టూ ఉన్న చిన్న చిన్న పాత్రల్లో నిలిచిన తేట నీటిలో పుడుతుంది. తాగి పడేసిన బొండాలు, కొబ్బరి చిప్పలు, వాడని రోలు, పశువుల తొట్టి, పాత టైరు, కూలరు అడుగున నీళ్లు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం. గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా సుమారు ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి నీళ్లన్నీ పారబోయమంటారు. బడిలో మీరు పిల్లలతో చేయించే శుక్రవారం డ్రైడే వెనక ఉన్న లెక్క అదే. ఒలకబోస్తే సరిపోదు, తొట్టి అంచులు పీచుతో గట్టిగా రుద్దాలి. ఈ దోమ గుడ్లు నీళ్లు లేకుండా నెలల తరబడి అంటిపెట్టుకుని ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. నుయ్యి ఉంది కాబట్టి ఆరోగ్య కేంద్రం వాళ్లను అడిగి దోమ పురుగుల్ని తినే గంబూషియా చేపలు వేయించండి. డాబా మీద ట్యాంకు మూత సరిగ్గా పడుతోందో లేదో పైకెక్కి చూడమని ఎవరికైనా చెప్పండి.

ఈ దోమ పుట్టిన చోటి నుంచి సాధారణంగా రెండు మూడు వందల మీటర్లు దాటి పోదు. అంటే మీ పెరడు ఒక్కటే శుభ్రం చేస్తే చాలదు, ఆ చనిపోయిన పెద్దాయన ఇల్లు కూడా ఈ పరిధిలోదే. మీరు టీచరు. మీ మాటకు వీధిలో విలువ ఉంటుంది. పొగ కొట్టే మిషను కోసం పంచాయతీని అడగవచ్చు గానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అది అప్పుడు గాలిలో ఎగురుతున్న దోమల్ని చంపుతుంది, నీళ్లలో ఉన్న పురుగుల్ని ఏమీ చేయదు.

తరువాత వేళ. ఏడిస్ పగలంతా కుట్టగలదు గానీ ఎక్కువగా కుట్టేది సూర్యోదయం అయ్యాక మొదటి రెండు గంటలు, సాయంత్రం పొద్దు వాలే ముందు కొన్ని గంటలు. మీ ఉత్తరంలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఇదే. జూన్‌లో మీ ఫిజియోథెరపిస్టు నాన్నగారిని నడిపించింది సరిగ్గా ఆ వేళల్లోనే, అదీ తెరిచి ఉన్న వసారాలో. చల్లగా ఉంటుందని ఆ వేళ పెట్టి ఉంటారు, అందులో ఆయన తప్పు లేదు. ఇప్పుడు దాన్ని పదిన్నర ప్రాంతానికి, మళ్లీ మధ్యాహ్నం మూడు ప్రాంతానికి మార్చమని అడగండి. కిటికీలకు, వసారా వైపు తలుపుకు మెష్ కొట్టించి నడవాలోనే నడిపించండి. స్టాండు ఫ్యాను కాళ్ల వైపు తిప్పి పెట్టండి. దోమ బలమైన గాలికి ఎదురు ఎగరలేదు. ఉక్కపోత కూడా తగ్గుతుంది.

బట్టల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ నాకు ముఖ్యం. మన పెద్దవాళ్లు ఇంట్లో పంచె, బనియనుతో ఉంటారు. ఏడిస్ ఎక్కువగా కుట్టేది మోకాళ్ల కింద, చీలమండల దగ్గర. మీ నాన్నగారి కుడి పక్క స్పర్శ తగ్గింది, కుట్టినా తెలియకపోవచ్చు. తెలిసినా ఆ చేత్తో తోలుకోలేరు. పొడుగు చేతుల కాటన్ చొక్కా, ఎలాస్టిక్ ఉన్న వదులు పైజామా అలవాటు చేయండి. పంచె కాలికి అడ్డం పడి జారిపడే ముప్పు కూడా తప్పుతుంది. మొదట బలహీనమైన చేతిని చొక్కాలో దూర్చి, తరువాత మంచి చేతిని దూర్చడం ఫిజియోథెరపిస్టులు నేర్పే వ్యాయామమే. దోమల క్రీము రాసేటప్పుడు వేళ్లకు, అరచేతులకు రాయకండి, కళ్లు నలుపుకుంటారు. గదిలో కాయిల్ వెలిగించవద్దు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. మింగడంలో తడబాటు ఉన్న మనిషి ఊపిరితిత్తులకు ఆ పొగ అసలు మంచిది కాదు. సాంబ్రాణి, వేపాకు పొగ కూడా ఆయన ఉన్న గదిలో వద్దు. రాత్రి దోమతెర అంచు కాలికి చుట్టుకుని పడేవాళ్లు ఉంటారు. ఎడమ చేతికి అందేలా ఒక గంట, మంచం దగ్గర చిన్న లైటు పెట్టండి. బాత్రూముకు ఒక్కరే లేవకుండా చూడండి.

నాలుగు నెలలు దాటింది, ఇంకేమైనా వస్తుందా అని అడిగారు. స్ట్రోక్ తరువాత వేగంగా కోలుకునేది మొదటి మూడు నెలల్లో. ఆ తరువాత వేగం తగ్గుతుంది, తలుపు మూసుకుపోదు. అమెరికాలో 222 మంది మీద జరిగి 2006లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తీసుకున్నదే స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్లను. మంచి చేతికి మెత్తటి తొడుగు వేసి దాన్ని వాడనివ్వకుండా, బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. రెండు వారాల ఆ సాధన తరువాత చేతి వాడకం మెరుగుపడింది, ఏడాది తరువాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అందరికీ ఇది పనికిరాదు. మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేపగలిగిన వాళ్లకే. మీ నాన్నగారు లేపగలరో లేదో ఫిజియోథెరపిస్టు చూసి చెబుతారు. మీ అంతట మీరు ఆయన ఎడమ చెయ్యి కట్టేయకండి.

"నేను సెలవుల్లో చేయించింది సరిపోలేదేమో" అని ఒకచోట రాశారు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది రోగులతో జరిగి 2017లో ఫలితాలు వచ్చిన పరిశోధన ఒకటి ఉంది. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లోనే పునరావాసం చేయిస్తే మామూలు వైద్యం కన్నా మేలు జరుగుతుందా అని చూశారు. ఆరు నెలల తరువాత మరణాల్లో, ఇతరుల మీద ఆధారపడటంలో తేడా కనిపించలేదు. ఇది చదివి నిరుత్సాహపడకండి. కూతురు, భార్య ఎంత ప్రేమగా చేసినా వాళ్లు ఫిజియోథెరపిస్టు స్థానం భర్తీ చేయలేరని, ఆ బరువు వాళ్ల నెత్తిన పెట్టకూడదని నేను దీన్నిబట్టి అర్థం చేసుకుంటున్నాను. కాబట్టి పంపేసిన ఆయనను ఈ వారమే వెనక్కి పిలవండి. డబ్బు ఇబ్బంది అయితే జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో కనుక్కోండి. ఆయన చేయించినదాన్ని మిగతా రోజుల్లో సాధన చేయించడం మీ వంతు. అదీ రబ్బరు బంతి నొక్కమని కాదు. తోట మనిషికి బంతితో పనేముంది? తమలపాకు తొడిమ తుంచడం, వక్క పలుకులు గిన్నెలోంచి గిన్నెలోకి మార్చడం, తువాలు మడత పెట్టడం, బీరువా తాళం తిప్పడం. అర్థమున్న పనిని పదే పదే చేయడంలోనే మెదడు మళ్లీ నేర్చుకుంటుంది.

పావురం రక్తం వద్దు. జబ్బు మెదడులో ఉంది, చర్మం మీద పూసింది అక్కడికి చేరదు. మర్దన పేరుతో పట్టు తప్పిన భుజాన్ని గట్టిగా లాగితే కీలు జారిపోయి నెలల తరబడి నొప్పి మిగులుతుంది. స్పర్శ లేని పక్కన వేడి కాపడం పెడితే బొబ్బలెక్కినా ఆయనకు తెలియదు. మేనమామగారు ఏదో ఒకటి చేయాలని తపన పడుతున్నారు. ఆయనకు పెరటి పని అప్పగించండి, వీధి పెద్దలతో మాట్లాడే పని అప్పగించండి.

ఇంత చేసినా జ్వరం రావచ్చు. వస్తే ఏం చేయాలో ఇప్పుడే అనుకుని ఉంచుకుంటే ఆ రోజు ఇల్లు గాభరా పడదు. పెద్దవాళ్లలో డెంగీ ఎప్పుడూ పెద్ద జ్వరంతోనే రాదు. తెలియని నీరసం, తూలడం, తికమకగా మాట్లాడటంతో మొదలు కావచ్చు. మొదటి రోజే డాక్టరుకు చూపించండి. డెంగీని పట్టే రక్తపరీక్షల్లో మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష పనికొస్తుంది, ఆ తరువాత ఐజీఎం పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప వేరేది వద్దు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. ఒళ్లు నొప్పులని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళితే డైక్లోఫెనాక్ సూది వేసే అవకాశం ఉంది. మా నాన్న క్లోపిడోగ్రెల్ మీద ఉన్నారు, నొప్పి సూదులు వద్దు అని గట్టిగా చెప్పాలి. ఈ ఒక్క మాట అమ్మగారికి కంఠతా రావాలి. వాంతులు, విరేచనాలు ఉంటే బీపీ మాత్రల గురించి కూడా అదే రోజు డాక్టరును అడగాలి.

జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే వేళే డెంగీలో ప్రమాదకరమైన వేళ. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతున్నప్పుడు కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగతగానో చిరాకుగానో ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్ల మీద ఒత్తిడి తేకండి. రక్తస్రావం లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ఎక్కిస్తే మేలు లేదని సింగపూర్, మలేసియాల్లో జరిగిన పరిశోధనలో తేలింది. బొప్పాయి ఆకు రసం తాగించడానికి ఎవరైనా వస్తే వద్దని చెప్పండి. మింగడం సరిగా రాని మనిషికి పలచటి చేదు రసం పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ద్రవాలు కావాలి, కానీ ఆయనకు పొలమారకుండా దిగే చిక్కదనంలో, కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా.

మరో సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లకు ఏ జ్వరం వచ్చినా పాత బలహీనత తాత్కాలికంగా ఎక్కువైనట్టు కనిపించవచ్చు. మాట మళ్లీ ముద్దగా రావచ్చు, కాలు ఈడ్చవచ్చు. అలాగని ఇది జ్వరం వల్లే అని ఇంట్లో తేల్చుకోకండి. కొత్త స్ట్రోకా కాదా అన్నది ఆసుపత్రిలోనే తేలాలి. గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి నాలుగున్నర గంటలే సమయం. 108కి ఫోన్ చేయండి. అందుకే ఈ వారం ఒక పని చేయండి: నాన్నగారు నడుస్తున్నప్పుడు, చెయ్యి ఎత్తుతున్నప్పుడు, మాట్లాడుతున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి మీ ఫోన్‌లోనూ తమ్ముడి ఫోన్‌లోనూ ఉంచండి. మందుల జాబితా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మునుపు ఎలా ఉన్నారో చూపించగలిగితే అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు ఎంతో తేలికవుతుంది.

చికున్‌గున్యాను కూడా మరవకండి. 2005 చివరిలో మన రాష్ట్రంలో మొదలై 2006లో దేశమంతా పాకినప్పుడు చీలమండలు, మణికట్లు పట్టేసి నెలల తరబడి కుంటిన పెద్దవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. దాన్ని మోసేదీ ఇదే దోమ. మళ్లీ నడక నేర్చుకుంటున్న మనిషికి అది వస్తే నెలల సాధన ఆగిపోతుంది.

ఇక హైదరాబాద్. మీ తమ్ముడి ప్రేమను శంకించడం లేదు, కానీ దోమలు లేవన్న కారణం నిలవదు. తెలంగాణలో ఏటా డెంగీ కేసుల్లో హైదరాబాద్ ముందు వరుసలోనే ఉంటుంది. ఏడిస్ నగరాన్ని ఇష్టపడే దోమ. అపార్ట్‌మెంట్ సెల్లారు, పక్కనే కట్టే భవనంలో నిలబెట్టిన నీళ్లు, బాల్కనీ కుండీలు దానికి చాలు. 2015లో తైవాన్‌లోని తైనాన్ నగరం ఒక్కదానిలోనే 22 వేలకు పైగా డెంగీ కేసులు వచ్చాయి, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది వృద్ధులే. వెళ్లడానికి సరైన కారణం వేరే ఉంది: అక్కడ రోజూ ఫిజియోథెరపీ, మాట కోసం స్పీచ్ థెరపీ, న్యూరాలజిస్టు దగ్గరలో దొరుకుతారు. ఆ కారణంతో రెండు మూడు నెలలకని చెప్పి వెళితే మేలు జరగవచ్చు. మూల్యం కూడా ఉంది. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళితే పగలంతా ఎవరుంటారు? అమ్మగారు కొత్త చోట, పరిచయస్తులు లేకుండా, ఇద్దరి బరువూ మోయాలి. నాన్నగారికి తోట, అరుగు, పలకరించే మనుషులు దూరమవుతారు. మాట తిరిగి రావడానికి మాట్లాడే మనుషులు కావాలి కదా.

ఊళ్లోనే ఉంచితే ఆ పలకరింపులు ఉంటాయి. కానీ స్పీచ్ థెరపీ దొరకడం కష్టం, రాత్రి ఏదైనా జరిగితే పెద్దాసుపత్రి దూరం. మధ్యదారి ఒకటి ఉంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో కొన్ని వారాలు పునరావాసం కోసం ఉంచి, ఇంట్లో ఏం చేయించాలో నేర్చుకుని తిరిగి రావడం. దానికి సెలవు, డబ్బు రెండూ కావాలి. తమ్ముడు నాన్నను తీసుకెళ్లడం ఒక్కటే సాయం అనుకోకుండా మెష్ ఖర్చు, ఫిజియోథెరపిస్టు ఫీజు, ఫోన్‌లో స్పీచ్ థెరపీ, నెలకో శని ఆదివారాలు వచ్చి అమ్మకు విశ్రాంతి ఇవ్వడం తన బాధ్యతగా తీసుకోగలడేమో అడగండి. ఈ మూడింటిలో నా మొగ్గు మధ్యదారి వైపు. మీ ఇంటి పరిస్థితి మీకు తెలుసు.

నిర్ణయం తీసుకునే ముందు ఆయనను అడిగారా? ముఖం తిప్పుకున్నారని రాశారు. అది జవాబే. మాట పోయినంత మాత్రాన తెలివి పోలేదు. ఎక్కువ భాగం అర్థమవుతూ ఉండి, చెప్పాల్సిన మాట నోటికి అందక నలిగిపోయేవాళ్లు ఎంతోమంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, చిన్న వాక్యాల్లో ఒక్కో విషయం అడగండి. "హైదరాబాద్ వెళదామా? అవునా, కాదా?" తల ఊపే సమయం ఇవ్వండి. తమ్ముడి ఇంటి ఫోటో, మన ఇంటి ఫోటో ముందు పెట్టి చూపించమనండి. ఆయన గురించి ఆయన ఎదుటే, ఆయన లేనట్టు ఇంట్లో చర్చలు జరుగుతున్నాయని మీ ఉత్తరంలో మూడు చోట్ల కనిపించింది. ఆ బాధ పక్షవాతం కన్నా తక్కువ కాదు.

ఆదివారం నాటి ఏడుపు మీ అరుపు ఒక్కదాని వల్లే వచ్చింది కాకపోవచ్చు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందిని డిప్రెషన్ పట్టుకుంటుంది. వ్యాయామానికి మొండికేయడం, తిండి మీద ఆసక్తి పోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం దాని లక్షణాలు కావచ్చు. దానికి మందులున్నాయి, న్యూరాలజిస్టుకు చెప్పండి. అదుపు లేకుండా ఏడుపు రావడం కూడా మెదడు దెబ్బతిన్నందువల్ల కొందరిలో ఉంటుంది. మీరు మాత్రం ఆయన దగ్గర కూర్చుని "నాన్నా, ఆ రోజు అరిచాను, భయమేసి అరిచాను" అని చెప్పండి. ఆయనకు అర్థమవుతుంది. మీకే మనసు బరువెక్కి నిద్ర పట్టకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా అమ్మగారు. 66 ఏళ్లు, షుగరు. ఆమెకు దోమతెర ఉందా అన్న సంగతి మీరు రాయలేదు. డెంగీ ముప్పు ఆమెకూ తక్కువేమీ కాదు. పొద్దున్నే పెరట్లో గిన్నెలు తోముతూ, సాయంత్రం మొక్కలకు నీళ్లు పోస్తూ ఏడిస్ కుట్టే రెండు వేళల్లోనూ బయట ఉండేది ఆవిడే. క్రీము ఆమెకూ రాయండి. ఆయనను లేపేటప్పుడు నడుం పట్టేయకుండా ఎలా లేపాలో ఫిజియోథెరపిస్టు ఆమెకు నేర్పాలి. షుగరు పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో అడిగి, నాన్నగారిని డాక్టరుకు చూపించే రోజే ఆమెకూ చేయించండి.